ప్యాక్-12ను కూల్చిన గడువు తేదీ

2023 ఆగస్టు 4, శుక్రవారం. ముందే వెళ్లిపోతామని ప్రకటించినవాళ్లు పోగా, ఆ పొద్దున అమెరికా పశ్చిమ ప్రాంతపు కాలేజీ క్రీడల పొత్తు ప్యాక్-12 కాన్ఫరెన్స్‌లో తొమ్మిది విశ్వవిద్యాలయాలు మిగిలి ఉన్నాయి. చీకటి పడేసరికి నాలుగే ఉన్నాయి. ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లోకి వెళ్లాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 అనే మరో కాన్ఫరెన్స్‌లో చేరాయి. 1915 డిసెంబరులో పోర్ట్‌లండ్‌లో నాలుగు కాలేజీలు మొదలుపెట్టిన పొత్తు 108వ ఏట మళ్లీ నాలుగుకే దిగింది.

దీనికి చాలామంది చెప్పే కారణం డబ్బాశ. అందులో అబద్ధం లేదు, కానీ ఆ ఒక్క మాటతో తేలే విషయం కాదిది. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కూడా ఎక్కువ డబ్బు కోసమే తమ కాన్ఫరెన్స్ ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) మీద కోర్టుకెక్కాయి. అయినా అవి ఇంకా ఏసీసీలోనే ఉన్నాయి. ఆశ రెండు చోట్లా ఉన్నప్పుడు ఒక ఇల్లు కూలి ఇంకొకటి ఎందుకు నిలబడింది? ప్రసార హక్కులు రాసిచ్చేస్తూ ఏసీసీ సభ్యులు సంతకం పెట్టిన పత్రం 2036 దాకా నడుస్తుంది. ప్యాక్-12 సభ్యుల పత్రం 2024 వేసవితో ముగిసిపోయింది. కాన్ఫరెన్స్ మార్పుల వార్త ఏది వచ్చినా ముందుగా చూడవలసింది ఈ గడువు తేదీనే.

అసలు కాన్ఫరెన్స్ అంటే ఏమిటి

అమెరికా కాలేజీ క్రీడల్లో కాన్ఫరెన్స్ అంటే కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి పెట్టుకున్న లాభాపేక్ష లేని సంస్థ. మ్యాచ్‌ల పట్టిక వేస్తుంది, రిఫరీలను పెడుతుంది, చాంపియన్‌షిప్ నడుపుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా సభ్యుల ప్రసార హక్కులను ఒక్క మూటగా కట్టి టీవీ సంస్థలకు అమ్మి వచ్చిన డబ్బు పంచుతుంది. కమిషనర్ పేరే పత్రికల్లో కనిపిస్తుంది కానీ ఓటు ఆయనది కాదు, విశ్వవిద్యాలయాల ప్రెసిడెంట్లది, చాన్సలర్లది. కొత్త సభ్యుణ్ని చేర్చుకోవాలంటే చాలా చోట్ల నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. పైస్థాయి (అమెరికన్) ఫుట్‌బాల్ ఆడే కాన్ఫరెన్స్‌గా గుర్తింపు నిలవాలంటే కాలేజీ క్రీడలను నియంత్రించే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నియమం ప్రకారం కనీసం ఎనిమిది ఫుట్‌బాల్ జట్లుండాలి. ఈ ఎనిమిది అనే అంకె తర్వాత మళ్లీ వస్తుంది.

ఐపీఎల్ చూసే మనకు ఒక తేడా వెంటనే తట్టాలి. ఐపీఎల్‌లో అమ్మకందారు ఒక్కరే. 2023-27 హక్కులను బీసీసీఐ 48,390 కోట్ల రూపాయలకు అమ్మింది. ఏ జట్టూ నా హక్కులు పట్టుకుని ఇంకో లీగ్‌కు పోతానని అనలేదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కూడా ఒకప్పుడు అలాగే ఉండేది. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో ఎన్‌సీఏఏనే నిర్ణయించేది. ఒక్లహామా, జార్జియా విశ్వవిద్యాలయాల తరఫున వేసిన కేసులో 1984లో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటగాడు. తీర్పు తర్వాత హక్కులు విశ్వవిద్యాలయాల చేతికొచ్చాయి. అవి కాన్ఫరెన్స్‌లుగా బేరాలు మొదలుపెట్టాయి. ఒక దుకాణం పోయి పది దుకాణాలు వెలిశాయి. సరుకు ఏ దుకాణంలో ఉంటే ఎక్కువ ధర పలుకుతుందన్న వెతుకులాట అక్కడే మొదలైంది.

తర్వాతి మలుపు ఒక చిన్న నియమం వల్ల వచ్చింది. పన్నెండు మంది సభ్యులుండి రెండు విభాగాలుగా ఆడే కాన్ఫరెన్స్ ఒక చాంపియన్‌షిప్ మ్యాచ్ అదనంగా ఆడుకోవచ్చని అప్పట్లో ఎన్‌సీఏఏ పుస్తకంలో ఉండేది. కింది డివిజన్ కాలేజీల కోసం రాసిన ఆ నియమాన్ని ఎస్ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) కమిషనర్ రాయ్ క్రేమర్ వాడుకున్నారు. ఆర్కన్సా, సౌత్ కరోలైనాలను చేర్చుకుని 1992 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో మొదటి చాంపియన్‌షిప్ ఆడించారు. ఆర్కన్సా వెళ్లిపోయాక సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ పూర్తిగా టెక్సస్ జట్లదే అయిపోయింది, 1996లో మూతపడింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ పాత బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్‌తో కలిసి బిగ్ 12 అయ్యాయి. టీసీయూ, ఎస్ఎంయూ, రైస్, హ్యూస్టన్‌లను ఎవరూ పిలవలేదు. బేలర్‌కు, టెక్సస్ టెక్‌కు చోటు దొరకడంలో ఆ రాష్ట్ర రాజకీయాల పాత్ర ఉంది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బుల్లక్ ఆ రెండు చోట్లా చదువుకున్నవారే. 2003లో వర్జీనియా టెక్‌ను ఏసీసీలోకి తీసుకునేలా చేసింది కూడా గవర్నర్ మార్క్ వార్నర్ ఒత్తిడే. ప్రభుత్వ విశ్వవిద్యాలయం విషయంలో శాసనసభను లెక్కలోకి తీసుకోకుండా వేసిన అంచనాలు తరచు తప్పుతాయి.

వాటా లెక్క

ఒక జట్టును చేర్చుకోవాలా వద్దా అన్నది బయటినుంచి చూస్తే ప్రతిష్ఠ సమస్యలా ఉంటుంది. గదిలో కూర్చున్నవాళ్లు వేసే లెక్క మాత్రం భాగహారం. ఉదాహరణకు గుండ్రటి అంకెలు తీసుకుందాం. పన్నెండు జట్లకు ఏటా 36 కోట్ల డాలర్లు వస్తున్నాయి, తలా 3 కోట్లు. పదమూడో జట్టు చేరితే టీవీ సంస్థ ఇంకో 2 కోట్లు ఇస్తానంది. మొత్తం 38 కోట్లు, పదమూడుతో భాగిస్తే తలా 2.92 కోట్లు. మొత్తం పెరిగింది, ఒక్కొక్కరి వాటా తగ్గింది. అలాంటప్పుడు చేర్చుకోవడానికి ఎవరూ చేయెత్తరు. ఇప్పుడున్న సగటు వాటా కన్నా ఎక్కువ తెచ్చే జట్టుకే తలుపు తెరుచుకుంటుంది. వాటా పెరిగేకొద్దీ ఆ గడప కూడా ఎత్తవుతుంది. అందుకే బిగ్ టెన్‌లో చేరదగ్గ జట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అదే జట్టు కొన్నేళ్లపాటు కోటి డాలర్లే తీసుకుంటానని ఒప్పుకుంటే లెక్క తిరగబడుతుంది. 38లోంచి 1 తీసేస్తే 37, దాన్ని పాత పన్నెండు మంది పంచుకుంటే తలా 3.08 కోట్లు. పాతవాళ్లందరూ లాభపడతారు. గత కొన్నేళ్ల విలీనాల్లో కనిపించే సగం వాటా, మూడో వంతు వాటా ఏర్పాట్లన్నీ ఈ భాగహారం నుంచే పుట్టాయి.

జట్టు ఎంత తెస్తుందన్నది కాలాన్నిబట్టి మారింది. బిగ్ టెన్ 2007 ఆగస్టులో సొంత చానల్ పెట్టింది. సభ్య విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రంలో ఆ చానల్‌కు ఒక్కో కేబుల్ కనెక్షన్ మీద వచ్చే నెలసరి రుసుము, లేని రాష్ట్రంలో కన్నా చాలా ఎక్కువ. 2014లో మేరీలండ్, రట్గర్స్ చేరడానికి అసలు కారణం అదే. వాషింగ్టన్ నగరం చుట్టుపక్కల ఇళ్లు, న్యూయార్క్‌ను ఆనుకుని ఉన్న న్యూజెర్సీ ఇళ్లు లెక్కలోకి వచ్చాయి. ఆ ఇళ్లవాళ్లు ఆట చూసినా చూడకపోయినా బిల్లులో డబ్బు పడేది. కేబుల్ తీసేసేవాళ్లు పెరిగాక ఆ పద్ధతికి కాలం చెల్లింది. ఇప్పుడు టీవీ సంస్థలు కొనేది శనివారం సాయంత్రం నలభై లక్షల మంది కూర్చుని చూసే మ్యాచ్‌ను. 2021లో టెక్సస్, ఒక్లహామా ఎస్ఈసీని ఎంచుకోవడం, 2022లో లాస్ ఏంజలెస్ విశ్వవిద్యాలయాలు యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కు వెళ్లడం ఈ రెండో కాలానికి చెందినవి. రట్గర్స్ ఈ రోజు దరఖాస్తు పెడితే పిలుపు వచ్చేది కాదు.

పత్రాల్లో ఏముంటుంది

వెళ్లాలనుకున్న సభ్యుణ్ని ఆపేవి మూడు. మొదటిది నోటీసు గడువుతో ముడిపడిన ఎగ్జిట్ ఫీజు. ఇది కాన్ఫరెన్స్ బైలాల్లో ఉంటుంది, కోర్టులో బేరానికి లొంగుతుంది. మేరీలండ్ నుంచి ఏసీసీ 5.23 కోట్ల డాలర్లు అడిగింది, 2014లో 3.14 కోట్లకు రాజీపడింది. ఫీజు కన్నా దాని గడువు ఎక్కువమందిని ముంచుతుంది. 2023 జూన్‌లో శాన్ డియాగో స్టేట్ ప్యాక్-12 పిలుపు కోసం ఎదురుచూస్తూ, వెళ్లే ఉద్దేశం ఉందనీ కొంచెం గడువు కావాలనీ తన కాన్ఫరెన్స్ మౌంటెన్ వెస్ట్‌కు ఉత్తరం రాసింది. జూన్ 30 లోపు నోటీసిస్తే ఫీజు సుమారు 1.7 కోట్లు, దాటితే దానికి రెట్టింపు. ఆ ఉత్తరాన్నే మౌంటెన్ వెస్ట్ రాజీనామాగా లెక్కగట్టి, చెల్లించాల్సిన డబ్బు ఆపింది. పిలుపు రాలేదు, విశ్వవిద్యాలయం వెనక్కి తగ్గింది. పిలుపు చేతికి అందకముందే ఉత్తరం రాస్తే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

రెండోది హక్కుల అప్పగింత పత్రం. అందరూ గ్రాంట్ ఆఫ్ రైట్స్ అనేది దీన్నే. సభ్య విశ్వవిద్యాలయం తన సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌ల ప్రసార హక్కును ఫలానా సంవత్సరం దాకా కాన్ఫరెన్స్‌కు రాసిచ్చేస్తుంది. సభ్యుడు వెళ్లిపోయినా హక్కు వెంట రాదు. హక్కు లేని జట్టును కొత్త కాన్ఫరెన్స్ ఏం చేసుకుంటుంది? దాని సొంతూరి మ్యాచ్ చూపించే అధికారం పాత కాన్ఫరెన్స్ చేతిలో ఉంటుంది. ఎగ్జిట్ ఫీజు అప్పు చేసైనా కట్టవచ్చు, దీన్ని దాటడం చాలా కష్టం. టెక్సస్, ఒక్లహామా కూడా బిగ్ 12 పత్రం 2025లో ముగిసేదాకా ఆగవలసినవే. ఒక్క ఏడాది ముందుగా, 2024లో వెళ్లడానికి రెండూ కలిసి 10 కోట్ల డాలర్లు వదులుకున్నాయి.

మూడోది టీవీ ఒప్పందంలోని సమాన పెంపు నిబంధన. పెద్ద కాన్ఫరెన్స్ నుంచి కొత్త సభ్యుడు వస్తే టీవీ సంస్థ అతనికీ పూర్తి వాటా అదనంగా ఇవ్వాలన్నది దీని సారం. ఇది ఉన్న కాన్ఫరెన్స్‌కు పైన చెప్పిన భాగహారం భయం ఉండదు. పత్రికలు దీన్ని అంతగా పట్టించుకోవు కానీ 2023లో జరిగినదానిలో సగం దీనివల్లే జరిగింది.

ప్యాక్-12 వేసిన అడుగులు

2011లో ప్యాక్-12 ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో 12 ఏళ్లకు 300 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అప్పటికి అది పెద్ద మొత్తమే. మరుసటి ఏడాది సొంత చానళ్లు పెట్టింది. ఒకటి జాతీయ చానల్, ఆరు ప్రాంతీయ చానళ్లు. బిగ్ టెన్ తన చానల్‌లో ఫాక్స్‌ను, ఎస్ఈసీ ఈఎస్‌పీఎన్‌ను కలుపుకున్నాయి. ప్యాక్-12 మాత్రం మొత్తం తనదే ఉండాలనుకుంది. పంపిణీ బేరాల్లో వెనక నిలబడే పెద్ద సంస్థ లేకపోవడంతో శాటిలైట్ టీవీ సంస్థ డైరెక్ట్‌టీవీతో ఒప్పందం ఎప్పటికీ కుదరలేదు. ఖర్చు మొత్తం సొంతం, వీక్షకులు తక్కువ, సభ్యులకు చేరిన డబ్బు ఆశించినదానికి చాలా దూరం.

2021 జులైలో టెక్సస్, ఒక్లహామా వెళ్తున్నాయని తేలి బిగ్ 12 కుదేలైనప్పుడు, దాని మిగతా సభ్యుల్లో కొందరిని తీసుకునే అవకాశం ప్యాక్-12కు దొరికింది. ఆగస్టులో విస్తరణ వద్దని ప్రకటించింది. అదే నెలలో బిగ్ టెన్, ఏసీసీలతో కలిసి ఒక కూటమి కట్టింది. ఆ కూటమిలో ఒకరి సభ్యులను ఒకరు లాక్కోకూడదన్న రాతపూర్వక నిబంధన లేదు. పది నెలలు దాటీ దాటగానే, 2022 జూన్ 30న, కూటమిలోని బిగ్ టెన్ యూఎస్‌సీ, యూసీఎల్ఏలను తీసుకుపోయింది. లాస్ ఏంజలెస్ లేని పశ్చిమ తీరం టీవీ సంస్థలకు సగం సరుకే.

ఆ తర్వాతి పద్నాలుగు నెలల్లో జరిగినదే నిజమైన పాఠం. ఈఎస్‌పీఎన్ జట్టుకు ఏటా సుమారు 3 కోట్లు ఇస్తానంటే, ప్యాక్-12 వైపు నుంచి 5 కోట్లు అడిగారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఈలోగా బిగ్ 12 కొత్త కమిషనర్ బ్రెట్ యార్మార్క్ వరుస తప్పించి ముందుకొచ్చారు. తమ ఒప్పందం 2025 దాకా ఉన్నా ముందే బేరం తెరిచి, 2022 అక్టోబరులో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఆరేళ్ల పొడిగింపు కుదుర్చుకున్నారు. జట్టుకు సగటున ఏటా 3.17 కోట్లు, పైగా సమాన పెంపు నిబంధన. అంతకుముందే ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. శనివారం నాడు టీవీ సంస్థ చేతిలో ఉండే గంటలు పరిమితం. ఆ గంటలు నిండిపోయాక మిగిలింది పసిఫిక్ తీరం రాత్రి మ్యాచ్. అంటే తూర్పున పదిన్నరకు మొదలై, సగం దేశం నిద్రపోయాక ముగిసే ఆట. వరుసలో వెనకబడ్డవాడికి సరుకు మంచిదైనా ధర రాదు.

2023 జులై 27న కొలరాడో బిగ్ 12కు తిరిగి వెళ్లిపోయింది. ఆగస్టు 1న కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ సభ్యుల ముందు ఆపిల్ సంస్థ ప్రసార ప్రతిపాదన పెట్టారు. జట్టుకు కచ్చితంగా వచ్చేది సుమారు 2.3 నుంచి 2.5 కోట్లు, చందాదారులు పెరిగితే ఆపైన ఇంకొంత. ప్రతిపాదన మరీ చెడ్డదని చెప్పలేం. కానీ పక్క కాన్ఫరెన్స్‌లో 3.17 కోట్లు కచ్చితంగా వస్తుంటే, చందాదారులు దొరుకుతారన్న ఆశ మీద ఏ ప్రెసిడెంట్ సంతకం పెడతారు? వెళ్లడానికి అడ్డమూ లేదు. పాత హక్కుల పత్రం టీవీ ఒప్పందంతో పాటే 2024 వేసవికి ముగుస్తుంది, అంతవరకూ ఆగి వెళ్లేవారికి ఎగ్జిట్ ఫీజు లేదు. కొత్త పత్రం మీద సంతకాలు కొత్త టీవీ ఒప్పందం వస్తేనే. ఒప్పందం ఆలస్యమైన ప్రతి నెలా అందరూ తలుపు దగ్గర నిలబడే ఉన్నారు.

ఆరెగాన్, వాషింగ్టన్‌లకు బిగ్ టెన్ పూర్తి వాటా ఇవ్వలేదు. మిగతావాళ్లకు 6 కోట్లు దాటే చోట వాటికి సుమారు 3 కోట్లతో మొదలుపెట్టి, 2030 దాకా ఏటా పది లక్షల చొప్పున పెంచుతామంది. యూఎస్‌సీ, యూసీఎల్ఏ మాత్రం మొదటి రోజు నుంచే పూర్తి సభ్యులు. తేడా ఏమిటంటే ఆ రెండూ వచ్చినప్పుడు టీవీ బేరం ఇంకా నడుస్తోంది, వాటి విలువ ధరలోకి ఎక్కింది. ఈ రెండూ వచ్చేసరికి ధర రాసేసుకున్నారు.

మిగిలిన నలుగురు

స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) సెప్టెంబరు 1న ఏసీసీలో చేరాయి, వెంట డాలస్ నుంచి ఎస్ఎంయూ. ఏసీసీకి కావలసింది 15లో 12 ఓట్లు. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలైనా వద్దన్నాయి. మొదట వ్యతిరేకంగా ఉన్న నార్త్ కరోలైనా స్టేట్ మనసు మార్చుకోవడంతో సరిగ్గా పన్నెండు అయ్యాయి. ఇక్కడ భాగహారం ఎంత నిష్ఠూరంగా పనిచేసిందో చూడాలి. ఈఎస్‌పీఎన్ ఒప్పందం ప్రకారం కొత్తవాళ్లకూ వాటా వస్తుంది. కానీ స్టాన్‌ఫర్డ్, కాల్ ఏడేళ్లపాటు 30 శాతమే తీసుకుంటామన్నాయి. ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బు అసలే వద్దంది. వదులుకున్న ఆ సొమ్మును పాత సభ్యులు పంచుకున్నారు. 1996లో పిలుపు రాని ఎస్ఎంయూ, దాతల డబ్బుతో తొమ్మిదేళ్లు నడుపుకుంటానని చెప్పి లోపలికి వచ్చింది. రెండో సీజన్ దాకా కూడా ఆగకుండా, 2024లోనే జాతీయ చాంపియన్‌ను తేల్చే ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో ఆడింది. డాలస్ చుట్టూ స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాల్లో ఫుట్‌బాల్ చూసే పిల్లలకు ఇంటి పక్క జట్టు ఒకటి పెద్ద వేదిక మీద దొరికింది.

ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్‌లను ఎవరూ పిలవలేదు. కార్వాలిస్, పుల్మన్ చిన్న ఊళ్లు, టీవీ మార్కెట్లు కావు. ఆ రెండూ చేసిన పని బైలాలు చదవడం. వెళ్లిపోతున్నట్టు నోటీసిచ్చిన సభ్యుడికి బోర్డులో ఓటు ఉండదని బైలాల్లో ఉంది. యూఎస్‌సీ, యూసీఎల్ఏల ఓటును ప్యాక్-12 అంతకుముందే అలా తీసేసింది కూడా. ఆ ఆధారంతో వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్మన్ కౌంటీ కోర్టుకెళ్లాయి. 2023 నవంబరులో న్యాయమూర్తి బోర్డు ఈ ఇద్దరిదేనన్నారు, డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. వెళ్లిపోయే పది మంది మొత్తం 6.5 కోట్ల డాలర్లు వదులుకునేలా రాజీ కుదిరింది. పేరు, ఖాతా, రాబోయే ఏళ్లలో రావలసిన బకాయిలు ఇద్దరి చేతికొచ్చాయి.

డబ్బుంది కానీ ఆడటానికి ఎదుటి జట్టు లేదు. ఎనిమిది జట్ల నియమం దగ్గర ఎన్‌సీఏఏ ఇచ్చే రెండేళ్ల వెసులుబాటు ఉంది. ఆ రెండేళ్లలో మొదటిదానికి మౌంటెన్ వెస్ట్‌తో ఆరేసి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ఒప్పందం కుదుర్చుకున్నాయి, ఖరీదు 1.4 కోట్లు. అందులో మౌంటెన్ వెస్ట్ ఒక ముళ్లకంచె పెట్టింది. మా జట్టును ఒకదాన్ని తీసుకుపోతే కోటి డాలర్లు, రెండోదానికి కోటీ ఐదు లక్షలు, అలా ఒక్కోదానికి ఐదేసి లక్షలు పెరుగుతూ పోతుంది. 2024 సెప్టెంబరులో ప్యాక్-12 బోయ్సీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్‌లను తీసుకుంది. ఐదు జట్లకు జరిమానా 5.5 కోట్లు, ఆ జట్లు విడిగా కట్టవలసిన ఎగ్జిట్ ఫీజులు దానికి అదనం. జరిమానా చెల్లదంటూ ప్యాక్-12 అదే నెలలో కోర్టుకెళ్లింది. బాస్కెట్‌బాల్ కోసం గోంజాగా వచ్చింది, కానీ దానికి ఫుట్‌బాల్ జట్టు లేదు కనుక ఎనిమిదిలో లెక్కకు రాదు. ఏడు దగ్గర ఆగిన లెక్క 2025 జూన్ చివరిలో టెక్సస్ స్టేట్ చేరాకే ఎనిమిదైంది. కొత్త ప్యాక్-12కు ముహూర్తం 2026 జులై 1.

ఏసీసీ ఎందుకు నిలిచింది

2023 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ దావా వేసినప్పుడు, వెళ్లాలంటే తమకయ్యే ఖర్చు 57.2 కోట్ల డాలర్లని లెక్కచెప్పింది. అందులో పెద్ద ముక్క 2036 దాకా రాసిచ్చిన హక్కుల విలువే. మరుసటి మార్చిలో క్లెమ్సన్ కూడా దావా వేసింది. ఏ కోర్టూ హక్కుల పత్రం చెల్లుతుందా లేదా అని తుది తీర్పు చెప్పేలోగా 2025 మార్చిలో రాజీ అయింది. టీవీ డబ్బులో పెద్ద భాగాన్ని ఇకపై ఐదేళ్ల వీక్షకుల సంఖ్యను బట్టి పంచుతారు. ఎగ్జిట్ ఫీజు 2026లో 16.5 కోట్లు, ఏటా 1.8 కోట్లు తగ్గుతూ 2030-31కి 7.5 కోట్ల దగ్గర ఆగుతుంది. ముఖ్యంగా, ఆ ఫీజు కట్టినవాడు హక్కులు వెంట తీసుకుపోవచ్చు. పత్రం ఏసీసీని కాపాడింది, కాపాడినందుకు తన పదునులో సగం వదులుకుంది.

పట్టికలో పగుళ్లు

పదహారు, పద్దెనిమిది జట్లయ్యాక చాంపియన్ ఎవరన్నదే చిక్కుముడి అవుతోంది. పద్దెనిమిది జట్ల బిగ్ టెన్‌లో ఒక జట్టు మిగతా పదిహేడింటిలో తొమ్మిదింటితోనే ఆడుతుంది. పైనున్న రెండు జట్లు ఒకదానికొకటి ఎదురుపడకుండానే సీజన్ గడిచిపోవచ్చు. అప్పుడు సమం విడగొట్టే నియమాలే దిక్కు. 2025లో ఏసీసీలో ఐదు జట్లు రెండో స్థానానికి సమంగా నిలిచాయి. ఎదుర్కొన్న ప్రత్యర్థుల గెలుపు శాతం చూసి, మొత్తం మీద 7 గెలుపులు, 5 ఓటములున్న డ్యూక్‌ను ఫైనల్‌కు పంపారు. డ్యూక్ వర్జీనియాను ఓడించి చాంపియన్ అయింది, కానీ ప్లేఆఫ్‌కు ఎంపిక కాలేదు. చాంపియన్ పోటీకి చేరని మయామీ ప్లేఆఫ్‌కు వెళ్లింది. కాన్ఫరెన్స్ చాంపియన్‌షిప్‌కు ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది?

అసలు భారం మోసేది ఫుట్‌బాల్ జట్టు కాదు. దానికి చార్టర్ విమానం ఉంటుంది, బయటి మ్యాచ్‌లు సీజన్‌కు ఐదో ఆరో. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ అమ్మాయిలు, అబ్బాయిలు వారం మధ్యలో ఆడాలి, మామూలు విమానాల్లో, తరగతులు మానుకుని. పాత పసిఫిక్ కాన్ఫరెన్స్‌కు దీనికొక చక్కటి ఏర్పాటు ఉండేది. సభ్యులు జంటలుగా ఉండేవారు: యూఎస్‌సీ-యూసీఎల్ఏ, స్టాన్‌ఫర్డ్-కాల్, రెండు ఆరెగాన్‌లు, రెండు వాషింగ్టన్‌లు, రెండు అరిజోనాలు. ఒక జట్టు గురువారం జంటలో ఒకరితో, శనివారం రెండోవారితో ఆడి ఒక్క ప్రయాణంలో రెండు మ్యాచ్‌లు ముగించేది. ఇప్పుడు బర్కిలీ నుంచి బోస్టన్‌కు ఏసీసీ మ్యాచ్ అంటే 4,300 కిలోమీటర్లు, మూడు గంటల కాలభేదం. ఆ జంటల ఏర్పాటును విడగొట్టినవాళ్లు దానికి బదులు ఏమీ కట్టలేదు. ఈ మొత్తం వ్యవహారంలో క్షమించడానికి వీల్లేని తప్పు ఇదే. ఫుట్‌బాల్‌ను మాత్రం విడిగా దేశవ్యాప్తంగా ఆడించి, మిగతా ఆటలను పాత ప్రాంతీయ పొత్తుల్లోనే ఉంచడానికి ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. ఫుట్‌బాల్ వరకే సభ్యత్వం అన్న పద్ధతి ఇప్పటికే అమల్లో ఉంది.

డబ్బు వచ్చినచోట కూడా ఊపిరి సలపడం లేదు. యూసీఎల్ఏ బిగ్ టెన్‌కు వెళ్లినందుకు తన సోదర సంస్థ కాల్‌కు ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని ఉమ్మడి పాలక మండలి నిర్ణయించింది. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, ఆటగాళ్లకు చెల్లింపుల మీద నడిచిన హౌస్ కేసు రాజీ ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్లకు నేరుగా పంచగల సొమ్ము మొదటి ఏడాది 2.05 కోట్ల దాకా ఉంది. ఆరెగాన్ లాంటి సగం వాటా సభ్యుడికి వచ్చేదానిలో మూడింట రెండు వంతులు ఆ ఒక్క పద్దుకే పోవచ్చు. పైగా ప్లేఆఫ్ డబ్బు కూడా ఇక సమానం కాదు. 2026 నుంచి ఏటా వచ్చే 130 కోట్లలో బిగ్ టెన్, ఎస్ఈసీలకు చెరి 29 శాతం, ఏసీసీకి 17, బిగ్ 12కు 15.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2030 వేసవికి ముగుస్తుంది. బిగ్ 12ది 2031కి. ఏసీసీ ఎగ్జిట్ ఫీజు అట్టడుగుకు చేరేది 2030-31లో. ప్లేఆఫ్ ఒప్పందం 2031-32 సీజన్‌తో సరి. 2025లో బిగ్ టెన్ ఒక పెట్టుబడి సంస్థ నుంచి 240 కోట్ల డాలర్లు తెచ్చుకునే ప్రతిపాదనను సభ్యుల ముందు పెట్టింది. దానికి పెట్టిన షరతు, హక్కుల పత్రాన్ని 2036 నుంచి 2046కు పొడిగించడం. ఒప్పుకోని రెండు విశ్వవిద్యాలయాల్లో ఒకటి మిషిగన్. రెండోది, అంతకు మూడేళ్ల ముందు ప్యాక్-12 పత్రం గడువు ముగుస్తుండగా ముందుగా తలుపు తీసుకుని వెళ్లిన యూఎస్‌సీ.